ధాత కరువు: నంది కనమకు అటూ ఇటూ

1877 ఫిబ్రవరి. గుత్తి స్టేషనులో రైలు దిగారు మీరు. ముందుగా ముక్కుకు తగిలేది బియ్యం వాసన. గూడ్సు షెడ్డు నిండిపోయింది. షెడ్డు చాలక ఆరుబయట, పట్టాల పక్కన, నిలువెత్తు వరసలుగా గోనె బస్తాలు పేర్చి ఉన్నాయి. బర్మా బియ్యం, బెంగాలు బియ్యం. ఓడల్లో మద్రాసు రేవుకు దిగి, అరక్కోణం, రేణిగుంట, కడప మీదుగా ఇక్కడికి చేరాయి. ఈ లైను రాయచూరు దాకా పోయి బొంబాయి పట్టాలతో కలిసి ఆరేళ్లే అయింది. బస్తాల చుట్టూ కాపలా జవాన్లు. వాళ్ల కాళ్ల సందుల్లోంచి చేతులు చాచి, దుమ్ములో రాలిన గింజలు ఏరుకుంటున్న పిల్లలు. ఒకడు మన్నుతో సహా నోట్లో వేసుకున్నాడు. జవాను చూశాడు, మొహం తిప్పుకున్నాడు.

ఆకలి చావులున్న సీమలో ఇంత ధాన్యమేమిటని మీకు అనిపిస్తుంది. స్టేషను బయట చెట్టు కింద కూర్చున్న బండివాణ్ణి అడగండి.

"కర్నూలుకా? ఎంతిచ్చినా రాలేను సామీ. రెండెద్దుల్లో ఒకటి ప్యాపిలి కాడ పడిపాయ. ఇంగొగటి ఉండాది, చూడండి, అది లేచి నిలబడితే గొప్ప."

కర్నూలుకు ఇక్కడి నుంచి సుమారు అరవై మైళ్లు. ఆ ఊరికి రైలు లేదు. కడపకు ఉంది, బళ్లారికి ఉంది, ఆదోనికి ఉంది. కర్నూలు జిల్లాకు మాత్రం గింజ రావాలంటే ఎద్దు లాగాలి. ఎద్దు లాగాలంటే దానికి మేత కావాలి, దారిలో నీళ్లు కావాలి. పోయిన ఏడు నైరుతి వాన మొహం చాటేసింది, ఈశాన్యం వాన అసలు రానేలేదు. జొన్న చొప్ప లేదు. బ్రహ్మజెముడు ముళ్లు కాల్చి పశువులకు పెడుతున్నారు. బండి మీద పది బస్తాలు వేస్తే, ఆ ఎద్దుల మేతకే దారిపొడుగునా ఎంత ఖర్చవుతుందో లెక్కేసుకుని వ్యాపారి వెనక్కి తగ్గుతాడు. ఈ అరవై మైళ్లను బాగా గుర్తు పెట్టుకోండి. తర్వాత పనికొస్తాయి.

నడవడం మొదలుపెట్టండి. ప్యాపిలి దాటి డోన్ వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన కంకర కొడుతున్న చప్పుడు వినిపిస్తుంది. వందల మంది. మగవాళ్లు, ఆడవాళ్లు, ఏడెనిమిదేళ్ల పిల్లలు. ఇది సర్కారు వారి కరువు పని. సుత్తి ఎత్తేటప్పుడు మోచేతి ఎముక కదలడం చర్మం పైనుంచే కనబడుతుంది. కాసేపు చూస్తే మీకో సంగతి తెలుస్తుంది. సుత్తి పడే చప్పుళ్ల మధ్య ఎడం పెరుగుతోంది.

మేస్త్రీ చేతిలో కొత్త కూలి పట్టీ ఉంది. జనవరి ఆఖరున వచ్చిన ఉత్తరువు. అంతకు ముందు మగ కూలీకి రోజుకు పౌనున్నర గింజల లెక్కన కట్టేవారు. ఇప్పుడు పౌను గింజల ఖరీదు, దాని మీద కొద్దిగా చిల్లర. అంటే ఎండలో పొద్దస్తమానం రాయి కొట్టిన మనిషికి అరకిలోకు లోపే తిండి. ఈ తగ్గింపు సర్ రిచర్డ్ టెంపుల్‌ది. వైస్రాయి లిట్టన్ పంపగా కరువు సీమ చూసిపోవడానికి వచ్చిన దొర. మూడేళ్ల కిందట బీహారులో కరువొస్తే ఇదే టెంపుల్ బర్మా నుంచి ధారాళంగా బియ్యం తెప్పించాడు, అక్కడ చావులు బహు కొద్ది. అంత ఖర్చు దేనికని పైవాళ్లు చీవాట్లు పెట్టారు. ఇప్పుడు ఆ చీవాట్ల బాకీ ఈ రోడ్డు మీద, ఈ కూలీల కడుపుల్లోంచి తీరుతోంది. ఒకే ప్రభుత్వం, ఒకే మనిషి. మూడేళ్ల తేడాలో ఒక సీమ బతికింది, ఇంకో సీమకు ఈ పట్టీ వచ్చింది.

మద్రాసులో డాక్టర్ కోర్నిష్ అనే శానిటరీ కమిషనరు ఈ పౌను కూలి మనిషిని నిలబెట్టదని గట్టిగా రాస్తున్నాడు. కొన్నాళ్లకు మద్రాసు ప్రభుత్వం కూలి పెంచుతుంది. అప్పటికి ఈ రోడ్డు మీద మీరు ఇవాళ చూసిన వాళ్లలో ఎందరుంటారో చెప్పలేం. కోర్నిష్‌ను గురించి ఇంకో మాట. ఈ మద్రాసు ప్రెసిడెన్సీలో మొదటిసారి పద్ధతిగా ఇంటింటికీ జనాన్ని లెక్కపెట్టింది 1871లో. ఆ లెక్క మీద నివేదిక రాసింది ఆయనే. కర్నూలులో ఎందరున్నారో, కృష్ణా జిల్లాలో ఎందరున్నారో ఆయనకు తెలుసు. తను లెక్క కట్టిన జనమే ఇప్పుడు తరిగిపోతుంటే, ఆ తరుగు లెక్క కూడా ఆయన బల్ల మీదికే వస్తోంది.

ఆ తరుగు లెక్క ఎక్కడ పుడుతుందో చూడాలంటే, వెల్దుర్తి దారిలో ఏదో ఒక ఊరి కరణం అరుగు మీద కూర్చోండి. జనన మరణాల పుస్తకం ఆయన దగ్గరే ఉంటుంది. తలారి వచ్చి నోటితో చెబుతాడు, కరణం కలంతో రాస్తాడు.

"మాదిగోళ్ల గేరిలో ఇద్దరు సామీ. ఊరిబయట చింతమాను కింద ఇంగొగ ఆడమనిషి."

"ఆమె ఎవురు?"

"ఏమో సామీ. పై ఊరామె. ఆలూరు తట్టు నుంచి వచ్చినట్టుండాది."

కరణం కలం ఆగిపోయింది. మన ఊరి మనిషి కాదు, మన పుస్తకంలో ఎందుకు రాయాలి? ఆమె సొంత ఊళ్లో ఆమె ఎటో వెళ్లిపోయిందనే అనుకుంటారు. అక్కడి కరణమూ రాయడు. ఆమె రెండు ఊళ్లకూ చెందకుండా పోయింది. దారుల మీద, కరువు పనుల దగ్గర, గంజి పోసే పాకల ముందు చనిపోయినవాళ్లలో ఇలాంటివాళ్లు ఎందరో. పైగా కరణం తానే జ్వరంతో పడితే, తలారి తానే కూలికి పోతే ఆ నెలంతా పుస్తకం ఖాళీ. అందుకే చావుల పుస్తకాలు తక్కువ చూపిస్తాయి. జిల్లా ఎంత దెబ్బతింటే దాని పుస్తకం అంత అబద్ధం చెబుతుంది. చరిత్రలో మరణాల రేట్లు చదివేవాళ్లంతా ఈ అరుగు మీద ఒక పూట కూర్చోవాలని నాకనిపిస్తుంది.

ముందు పోయేది ఎవరు? కరణం చెప్పనక్కరలేదు, గేరి పేరే చెబుతుంది. భూమి లేని కూలీలు. వాళ్ల వెనక సాలెవాళ్లు. తిండికే లేనప్పుడు చీర కొనేదెవరు? మగ్గం ఆగింది, కూడూ ఆగింది. రెడ్డిగారి పాతరలో జొన్నలు ఇంకా కొద్దిగా ఉన్నాయేమో. ఉన్నా మూత తీయడు. ధర రెట్టింపు దాటి మూడింతల వైపు పోతోంది.

కర్నూలు చేరారు. ఊరి పక్కనే కాలవ. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, నంద్యాల మీదుగా కడప దాకా సుమారు నూట తొంభై మైళ్లు తవ్విన కాలవ. సర్కారు వడ్డీకి పూచీ పడగా, లండను వాటాదారుల డబ్బుతో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. ఆనకట్ట ఉంది, కాలవ ఉంది. మరి కర్నూలు ఎందుకు ఎండింది?

గట్టు మీద నిలబడి అటూ ఇటూ చూడండి. నల్లరేగడి. ఇది వాన తడితోనే జొన్న, పత్తి పండించే నేల. మామూలు ఏడాదిలో ఈ రైతుకు కాలవ నీళ్లతో పని తక్కువ. నీళ్ల పన్ను కట్టాలి, మడులు చదును చేయాలి, రేగడిలో నీరు ఎక్కువైతే పైరు కుళ్లుతుంది. అందుకని పదేళ్లుగా వద్దన్నారు. కంపెనీ నష్టాల్లో కూరుకుపోయింది. కరువు వచ్చాక అందరూ నీళ్లు అడుగుతున్నారు. కానీ పిల్లకాలవలు లేవు, మడులు లేవు, దున్నడానికి ఎద్దులు లేవు. ప్రాణం మీదికొచ్చినప్పుడు అక్కరకు రావాలంటే ప్రాణం బాగున్న రోజుల్లో అలవాటై ఉండాలి కదా. కాలవ వెంబడి అక్కడక్కడ పచ్చగా కనిపిస్తున్న చెక్కలు ముందే నీళ్లు పెట్టుకున్నవాళ్లవి. ఆ రెండు మూడు ఊళ్లలో చావుల పుస్తకం చూడగలిగితే ఎంత బాగుండునో.

జులై వచ్చింది. ఉగాదితో ధాత వెళ్లి ఈశ్వర నామ సంవత్సరం వచ్చినా జనం దీన్ని ధాత కరువనే అంటున్నారు. ఈ ఏటి నైరుతి వాన కూడా మొదట్లోనే మొండికేసింది. దీంతో నిలబడ్డవాళ్ల నమ్మకం కూడా పోయింది. నంద్యాల నుంచి తూర్పుకు ఒక జనప్రవాహం కదులుతోంది. మీరూ కలవండి.

"యాడికి పోతాండారన్నా?"

"బెజవాడకు అబ్బా. ఆడ కిష్ణమ్మ నీళ్లంట. నాట్లకు కూలి ఇస్తారంట. మా పెదనాయన కొడుకు పోయిన నెల పాయ."

"కబురు వచ్చిందా?"

"లేదు. వచ్చిన కబురు లేదు."

నల్లమలలోకి దారి. ఇదే నంది కనమ. ఒకవైపు కొండ, ఒకవైపు లోయ. బలుసాకు కనబడితే చాలు, అందరూ అటు పడతారు. ఎవరో గడ్డ తవ్వుతున్నారు, అది తినేదో విషమో చూసి చెప్పే చెంచువాడు పక్కన లేడు. కలరా అప్పటికే జట్టులో ఉంది. పొద్దున మీతో మాట్లాడిన మనిషి మధ్యాహ్నానికి దారి పక్కన ముడుచుకుని పడున్నాడు. ఆగితే జట్టు వెళ్లిపోతుంది. మీరు ఆగరు. ఎవరూ ఆగరు.

గిద్దలూరు, కంభం, మార్కాపురం. ఇంకా కర్నూలు జిల్లాయే, ఇంకా అదే ఎండు. వినుకొండ వచ్చాక జిల్లా మారింది. ఇది కృష్ణా జిల్లా. గుంటూరు సీమంతా ఇప్పుడు ఆ జిల్లాలోదే. జిల్లా మారింది కానీ నేల మారలేదు. వినుకొండలో, పల్నాడులో కాలవ లేదు. ఇక్కడా గంజి పోస్తున్నారు, ఇక్కడా కంకర కొడుతున్నారు. మ్యాపులో జిల్లా అంతా ఒకే రంగు, నడిచేవాడికి మాత్రం ఇది రెండు దేశాలు. జిల్లా సగటు అనే అంకెను చూసినప్పుడల్లా దాని కింద ఎన్ని వినుకొండలు, ఎన్ని తెనాళ్లు కలిసిపోయాయో అడగాలి.

గుంటూరులో ఒక ముసలాయన మీ జట్టును చూసి అరుగు దిగి వచ్చాడు. మజ్జిగ పోయించాడు. డెబ్బై దాటిన మనిషి.

"ఎక్కడి నుంచి నాయనా? నంద్యాలా? అంత దూరమా!" కాసేపు ఆగి అన్నాడు. "నందనలో మేమూ ఇట్టాగే బయలుదేరాం. మీరు మా వైపు వస్తున్నారు. మేం మద్రాసు వైపు పోయాం."

నందన అంటే 1832-33. ఆ కరువుకు డొక్కల కరువనీ పేరు. గుంటూరు సీమలో ఉన్న ఐదు లక్షల జనంలో లక్షన్నరకు పైగా పోయారని లెక్క. మద్రాసు దారి పొడుగునా శవాలే. అంటే నలభై అయిదేళ్ల కిందట చావుకు పెట్టింది పేరు ఈ ఊళ్లే. ఆ ఘోరం, దాని తర్వాతి చెడ్డ ఏళ్లలో పడిపోయిన శిస్తు, ఈ రెండూ కలిసి ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వాన్ని కదిలించాయి. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర గోదావరికి అడ్డుకట్ట వేసింది 1847కూ 1852కూ మధ్య. బెజవాడ దగ్గర కృష్ణకు కట్ట పడింది 1855కల్లా. కెప్టెన్ ఓర్ దగ్గరుండి కట్టించాడు. దయతో కట్టారని అనుకోవద్దు. చచ్చినవాడు శిస్తు కట్టడన్న సంగతి సర్కారుకు లెక్కల్లో అర్థమైంది. కారణం ఏదైతేనేం, నీరు పారింది.

సీతానగరం కొండ కింద నిలబడి చూడండి ఇప్పుడు. రెండు కొండల నడుమ అడ్డంగా రాతికట్ట, దాని మీంచి తెల్లగా జారుతున్న నీళ్లు. నది వట్టిపోలేదు. కృష్ణలో పారే నీళ్లు ఇక్కడ పడిన వానవి కావు, పడమటి కనుమల్లో ఎక్కడో పడినవి. ఈ ఏడు అక్కడా తక్కువే పడ్డాయి, అయినా కాలవకు చాలినన్ని వచ్చాయి. బెజవాడ మీద చినుకు పడకపోయినా దివిసీమలో నాటు పడుతుంది. తేడా అంతా ఇక్కడుంది. కర్నూలు రైతు తన నెత్తిన పడే వాన మీద బతుకుతాడు, డెల్టా రైతు వందల మైళ్ల అవతల పడే వాన మీద.

కాలవ గట్టున నడుస్తుంటే నాట్లు. ఆడవాళ్లు వంగి వేస్తున్నారు, పాటలు కూడా ఉన్నాయి. మీ జట్టులోని ఆడమనిషి ఒకామె ఆ పాట విని నిలబడిపోయింది. ఆర్నెల్లుగా ఎక్కడా పాట వినలేదు. మోతుబరి గట్టు మీంచి కేకేశాడు.

"ఏ ఊరు మీది? నాట్లు వచ్చా?"

"నేర్చుకుంటాం దొరా."

"డబ్బు ఇస్తా కూలికి. వడ్లు ఇయ్యను."

వడ్లు ఎందుకియ్యడో మీకు వెంటనే తెలియాలి. వడ్ల కంటే డబ్బు చవకైంది ఈ ఏడు. కరువు ధరలకు డెల్టాలో గింజ అమ్మినవాడు అమ్మినంత గడించాడు. కొత్త పెంకుటిళ్లు లేస్తున్నాయి. పడవలు కాలవల్లో బస్తాలతో కాకినాడ రేవు వైపు పోతున్నాయి. అక్కడ ఓడెక్కి మద్రాసు చేరిన గింజే, మళ్లీ రైలెక్కి, గుత్తి స్టేషనులో దిగి, ఎద్దు లేక అక్కడే పడుండొచ్చు. నంద్యాలకు బెజవాడ నుంచి నేరుగా గింజ పోయే దారి ఇంకా లేదు. గింజ అంత చుట్టు తిరిగి పోతోంది, మనుషులు కొండ దాటి దానికి ఎదురొచ్చారు.

సెప్టెంబరులో మబ్బు పట్టింది. సీమలో వానలట! మీ జట్టులో కొందరు ఆ మాట విన్న రోజే మూట కట్టారు. వాళ్ల వెంట వెనక్కి రండి, ఎందుకంటే అసలు దెబ్బ ఇప్పుడు చూడాలి. వాన పడితే కరువు పోయిందనుకుంటాం. చావు మాత్రం పోలేదు. ఎండిన కుంటలు నిండాయి, దోమలు లేచాయి. ఏడాదిగా తిండి లేని ఒంట్లో చలిజ్వరానికి అడ్డేముంది? కొత్తగా మొలిచిన ఆకూ అలమూ కడుపు నిండా తిన్నవాళ్లను విరేచనాలు పట్టుకున్నాయి. చేలల్లో కాడికి మనుషులే మెడ పెట్టి లాగుతున్నారు. లాగుతున్న ఇద్దరిలో ఒకడు వణుకుతున్నాడు. గంజి పాకల్లో మగవాళ్ల కంటే ఆడవాళ్లు ఎక్కువ కనిపిస్తున్నారు. ఇది మీ కంటి భ్రమ కాదు. ఈ కరువులో ఆడవాళ్ల కంటే మగవాళ్లే ఎక్కువ పోయారని తర్వాతి లెక్కలూ చూపించాయి. మరో సంగతి, పాకల్లో చంటిపిల్లలు లేరు. ఉన్నవాళ్లు పోయారు, కొత్తగా పుట్టేవాళ్లు లేరు. నెలసరులే ఆగిపోయిన తల్లులకు పిల్లలెక్కడి నుంచి వస్తారు?

ఇంకో మూడేళ్లు దాటి, 1881 ఫిబ్రవరిలో దేశమంతా జనాభా లెక్క. బెజవాడ దగ్గర ఒక గుడిసె ముందు లెక్కల గుమాస్తా కూర్చున్నాడు.

"పుట్టిన జిల్లా?"

"నంద్యాల, సామీ."

"అది ఊరు. జిల్లా చెప్పు."

"కందనూలు."

గుమాస్తా కర్నూలు అని రాసుకున్నాడు. ఈ కుటుంబం కృష్ణ లెక్కలో కలిసింది, కర్నూలు లెక్కలో తగ్గింది. అప్పట్లో కొందరు దొరలకు ఇది బాగా నచ్చిన వాదన. జనం చావలేదు, వలస పోయారని. అయితే అంకెలు చూద్దాం. 1871లో కర్నూలు జిల్లా జనం 9 లక్షల 14 వేలు. 1881లో 6 లక్షల 79 వేలు. రెండు లక్షల 35 వేల మంది తరుగు. నూటికి దాదాపు 26. అదే పదేళ్లలో కృష్ణా జిల్లా 14 లక్షల 52 వేల నుంచి 15 లక్షల 48 వేలకు పెరిగింది. పెరిగింది లక్ష కూడా కాదు. అందులో అక్కడే పుట్టి పెరిగినవాళ్లను ఒక్కరినీ లెక్కపెట్టకుండా, పెరిగినవాళ్లంతా కర్నూలు నుంచే వచ్చారనుకున్నా, ఇంకా లక్షా నలభై వేల మంది ఎక్కడ?

మరో పోలిక కూడా చూడండి. తర్వాత విడదీసిన హద్దుల ప్రకారం బళ్లారి, అనంతపురం సీమలు నూటికి సుమారు 20 మందిని కోల్పోయాయి. కడప 17. వీటిలో అనంతపురం, బళ్లారి కర్నూలు కంటే కరువు నేలలు, వాన ఇంకా తక్కువ పడే సీమలు. వానను బట్టే చావు ఉండేటట్టయితే ముందు ఆ రెండే తుడిచిపెట్టుకుపోవాలి. పోయింది కర్నూలు. ఆ మూడింటికీ ఉండి దీనికి లేనిదాన్ని మీరు ఫిబ్రవరిలోనే చూశారు. కర్నూలుకు ఆనకట్ట దక్కింది, కాలవ దక్కింది, గింజను ఊరి ముందు దించే పట్టా మాత్రం దక్కలేదు. కూలి కోత, కలరా, చలిజ్వరం అన్ని జిల్లాల్లోనూ ఉన్నాయి. ఇదొక్కటే కారణమని నేననను. కానీ ఆ అరవై మైళ్లను పక్కన పెట్టి ఈ అంకెల్ని చదవడం నాకు సాధ్యం కాదు.

1880లో కరువు కమిషన్ నివేదిక వచ్చింది. దాని తర్వాత కరువు సీమల్లోకి కొత్త లైన్లు వేశారు. గుంతకల్లు నుంచి డోన్, నంద్యాల, గిద్దలూరు, కంభం, వినుకొండ మీదుగా గుంటూరు వైపు పోయే పట్టాలు వాటిలో ఒకటి. నల్లమలలో లోయ దాటించడానికి దొరబావి దగ్గర ఎత్తయిన వంతెన కట్టాల్సి వచ్చింది. ఆ లైను కనమ దాటి నడిచే సరికి 1880లు గడిచిపోవచ్చాయి. 1901 జనాభా లెక్కలో కర్నూలు జిల్లా జనం 8 లక్షల 72 వేలు, ముప్పై ఏళ్ల కిందట కోర్నిష్ రాసిన అంకెకు ఇంకా నలభై వేలకు పైగా తక్కువ.